ఆర్కేడ్ గేమ్ బటన్ల ప్యానెల్‌కి అక్రిలిక్‌లో బెజ్జాలు: పగలకుండా, కరగకుండా

అక్రిలిక్ షీటు పగిలేది ఎక్కువగా చివరి అర మిల్లీమీటరులోనే. డ్రిల్లు బిట్టు కొన అవతలికి పొడుచుకురాగానే కింద మిగిలిన పల్చటి పొరకి ఆనుడు ఉండదు. బిట్టు అంచు దాన్ని కొరికి షీటునే పైకి గుంజుతుంది, పెళ్లుమంటుంది. అందుకే ఏ బిట్టు కొనాలి అనేదానికంటే ముందు షీటు కింద ఏముందో చూసుకోవాలి. 12 మి.మీ. ఎండీఎఫ్ గానీ ప్లైవుడ్ గానీ చాలు, కానీ చదునుగా ఉండాలి, షీటుకీ చెక్కకీ మధ్య సందు ఉండకూడదు. ఇదివరకే బెజ్జాలున్న చెక్కముక్క వాడితే, కొత్త బెజ్జం దానిమీద పడ్డచోట కింద ఏమీ లేనట్టే. రెండు క్లాంపులతో, బెజ్జానికి వీలైనంత దగ్గరగా బిగించండి. చేత్తో పట్టుకుని చేసే పని కాదిది.

కొలతలు. సాన్వా కంపెనీ ఓబీఎస్ఎఫ్ రకం (నొక్కితే క్లిప్పుతో పట్టుకునే) బటన్లకి 30 మి.మీ., స్టార్ట్, సెలెక్ట్ లాంటి చిన్నవాటికి 24 మి.మీ. హాప్ కంపెనీ తరహా, నట్టుతో బిగించే పొడవాటి బటన్లకి 28 నుంచి 29 మధ్య. జాయ్‌స్టిక్ కడ్డీకి 24 పెడితే పైనుండే నల్ల వాషర్ దాన్ని కప్పేస్తుంది. 30 మి.మీ. బటన్ల మధ్య, కేంద్రం నుంచి కేంద్రానికి, కనీసం 36 ఉంచండి. అప్పుడు కూడా రెండు బెజ్జాల మధ్య మిగిలేది 6 మి.మీ. మాత్రమే. ఇంకా దగ్గరైతే ఆ సన్నటి పట్టీ బిగింపుకే బీటలిస్తుంది. ఇంకో సంగతి: 3 మి.మీ. అక్రిలిక్ కింద 12 మి.మీ. చెక్క పెట్టి మధ్యలో బొమ్మ ప్రింటు ఇరికించే ప్యానెల్‌కి నొక్కితే పట్టుకునే క్లిప్ బటన్లు సరిపడవు, అంత మందాన్ని ఆ క్లిప్పులు అందుకోలేవు. దానికి నట్టు బటన్లే తీసుకోండి.

షీటులో కాస్ట్ (అచ్చులో పోసింది), ఎక్స్‌ట్రూడెడ్ (సందులోంచి నెట్టి తీసింది) అని రెండు రకాలు. దొరికితే కాస్టే కొనండి. ఎక్స్‌ట్రూడెడ్ త్వరగా మెత్తబడి బిట్టుకి జిగురులా చుట్టుకుంటుంది. అక్రిలిక్ 100 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, ఆగకుండా తిరిగే బిట్టు అంచు ఆ వేడికి చేరడానికి ఎంతోసేపు పట్టదు. షీటు మీద అంటించి వచ్చే కాగితాన్ని పని పూర్తయ్యేదాకా ఊడదీయొద్దు. గుర్తులూ దానిమీదే గీయండి. కేంద్రం దగ్గర సుత్తితో పంచ్ కొట్టొద్దు, సూదిమొనతో తిప్పి చిన్న గుంట చేస్తే చాలు.

ముందు అన్ని కేంద్రాలకీ 3 మి.మీ. బెజ్జాలు వేసేయండి. మామూలు ఇనుప బిట్టే వాడొచ్చు, కానీ దాని పదును కాస్త చంపాలి. సానరాయిని బిట్టు నిలువుకి సమాంతరంగా పట్టి రెండు కోత అంచులనీ నాలుగైదుసార్లు రుద్దితే సన్నటి చదును గీత కనిపిస్తుంది. అప్పుడది కొరకడం మానేసి గీరుతుంది. అక్రిలిక్‌కి కావలసింది గీరడమే. (ఆ బిట్టుని విడిగా దాచుకోండి, ఇనుముకి ఇక పనికిరాదు.)

పెద్ద బెజ్జానికి చేతి డ్రిల్లుతో అన్నిటికన్నా నమ్మకమైనది స్టెప్ బిట్టు, అంటే మెట్లుమెట్లుగా లావయ్యే శంకువు ఆకారపు బిట్టు. 4 నుంచి 32 దాకా రెండేసి మిల్లీమీటర్లు పెరిగే రకంలో 24, 28, 30 మూడూ ఉంటాయి. కావలసిన మెట్టు పైన రంగు టేపు చుట్టుకోండి, లేకపోతే చేతివేగంలో 32కి దిగిపోవడం ఖాయం. డ్రిల్లు గేరు 1లో, హ్యామర్ ఆపేసి, ట్రిగ్గర్ సగం నొక్కి తిప్పండి. ఒక్కో మెట్టు తర్వాత పైకి లేపి పొట్టు దులపండి. పొట్టు పొడిగా రాలుతుంటే సరిగ్గా వెళ్తున్నట్టు. దారాల్లా సాగుతూ బిట్టుకి అతుక్కుంటే వేడెక్కినట్టు: ఆగి, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు కలిపిన నీళ్లు చల్లండి. ప్లగ్గు డ్రిల్లయితే నీళ్ల జోలికి పోకుండా ఆగి ఆగి చేయడమే మేలు. షీటు మందం మెట్టు ఎత్తుకన్నా ఎక్కువైతే రెండువైపుల నుంచీ చేయాలి.

హోల్ సా (గిన్నె ఆకారపు గుండ్రటి రంపం) వాడేవాళ్లు మొదట రివర్స్‌లో తిప్పి గాడి పడనివ్వండి, తర్వాత ముందుకి. సగం లోతు కోశాక షీటు తిరగేసి అవతలి నుంచి కలిపితే రెండు అంచులూ శుభ్రంగా వస్తాయి. పళ్ల మధ్య పొట్టు ఇరుక్కుంటేనే కరుగుతుంది. కోత గాడిలో, పారేసే ముక్క వైపుకి తగిలేలా ముందే ఒక 5 మి.మీ. బెజ్జం వేసి ఉంచితే పొట్టుకి దారి దొరుకుతుంది. చెక్కపనికి వాడే చదును స్పేడ్ బిట్టుని మాత్రం దగ్గరికి రానివ్వొద్దు.

రౌటర్ (చెక్క అంచులు చెక్కే యంత్రం) ఉంటే ఇంత శ్రమ అక్కర్లేదు. కింది చెక్కకి ముందు సరైన బెజ్జాలు పెట్టండి, అక్రిలిక్‌కి మూడు నాలుగు మి.మీ. తక్కువ సైజులో వేయండి, రెండూ కలిపి బిగించి బేరింగు చెక్క అంచునానుకుని దొర్లే ఫ్లష్ ట్రిమ్ బిట్టుని లోపలి అంచు వెంట గడియారం ముల్లు తిరిగే దిక్కుగా నడపండి. చెక్కకీ షీటుకీ ఒక్క వెంట్రుకవాసి తేడా రాదు. ఇంటి డ్రిల్లుతో ఆ నున్నదనం సాధించడం కష్టం.

అంచులకి బ్లేడు వీపుతో ఓసారి గీరి, 220, 400 నంబరు ఉప్పుకాగితం చాలు, బటన్ అంచు ఎలాగూ కప్పేస్తుంది. బిగువుగా ఉన్న బెజ్జంలో బటన్‌ని బలవంతంగా తొయ్యొద్దు, గుండ్రటి ఆకురాయితో కాస్త పెంచండి. స్పిరిట్, థిన్నర్‌తో తుడవొద్దు, ఒత్తిడి ఉన్న అంచుల్లో సాలెగూడులా సన్నబీటలు పాకుతాయి. లేజర్‌తో కోయించిన బెజ్జాలకి ఈ ప్రమాదం మరీ ఎక్కువ. మరలకి వేసే లాక్‌టైట్ లాంటి జిగుర్లూ అదే పని చేస్తాయి.

మూలల్లో బిగించే 4 మి.మీ. మరలకి 5 మి.మీ. బెజ్జం వేయండి. 60 సెం.మీ. ప్యానెల్ 15 డిగ్రీల చలికాలపు ఉదయానికీ 45 డిగ్రీల మే ఎండకీ మధ్య మిల్లీమీటరుకి పైగా సాగుతుంది, మర బిగుసుకుపోయి ఉంటే అక్కడే బీటలిస్తుంది. శంకువులా దిగే తల ఉన్న మరలు వద్దు, చదును అడుగు తల, కింద వాషర్. ఒకవేళ బీట మొదలైతే దాని కొన ఎక్కడుందో వెలుగుకి పట్టి చూసి, సరిగ్గా అక్కడ 2 మి.మీ. బెజ్జం వేయండి. బీట సాధారణంగా అక్కడితో ఆగుతుంది.