అమ్మమ్మ అడ్డపొగ

ఆదివారం. అటక మీది ట్రంకుపెట్టె దించుతానంటే అమ్మ వద్దంది. విన్నానా! పాత దుప్పట్లు దులిపిన పావుగంటకే ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చి అరుగు మీద కూర్చున్నాను. ఊపిరి సర్దుకునేదాకా అమ్మ వీపు రాస్తూనే ఉంది. "ఇంటా వంటా లేని ఉబ్బసం నీకెక్కడి నుంచి వచ్చిందో" అని పాత పాటే అందుకుంది.

పెట్టె అడుగున అమ్మమ్మ చుట్టల డబ్బా దొరికింది. మూత తుప్పు పట్టింది. శ్రీకాకుళం తీరపల్లెల్లో ఆ తరం ఆడవాళ్లు చాలామందిలాగే అమ్మమ్మదీ అడ్డపొగ. నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి, చేపలు తోముతూనే కబుర్లు చెప్పేది. "గాలికి ఆరిపోదు" అనేది. ఆవలించినప్పుడు తెల్లగా కమిలిన అంగిలి కనిపించేది. చిన్నప్పుడు భయపడి ముఖం తిప్పుకునేవాడిని.

డబ్బా చూడగానే ఎప్పుడో చదివిన ఒక అధ్యయనం గుర్తొచ్చింది. దక్షిణ కాలిఫోర్నియా పిల్లల మీద చేశారు, 2005లో వచ్చింది. తల్లి ఇంకా అమ్మమ్మ కడుపులో ఉండగా ఆ అమ్మమ్మ పొగ తాగి ఉంటే, తర్వాత తల్లి తాను గర్భంతో ఉన్నప్పుడు పొగ ముట్టకపోయినా, మనవలకు ఉబ్బసం ముప్పు రెట్టింపుకు దగ్గరగా కనిపించింది. ఎలాగన్నదానికి ఒక ఊహ ఉంది: జన్యువుల రాతేమీ మారదు. దాని మీద మిథైల్ అనే చిన్న రసాయన ముద్రలు పడతాయి. ఏ జన్యువు పలకాలి, ఏది నోరు మూసుకోవాలి అన్నదాంట్లో వాటికీ చేయి ఉంటుంది. పొగ ఆ ముద్రలను మారుస్తుంది. పైగా ఆడపిల్ల అండాలు తల్లి కడుపులోనే తయారవుతాయి. అంటే నేను కాబోయే అండం అమ్మమ్మ పొగను అప్పుడే చూసిందన్నమాట!

ఆ ముద్రలే మూడో తరానికి దిగుతాయని మనుషుల్లో ఇంకా రుజువు కాలేదు. మా ఇంటి కట్టెపొయ్యి ఉంది, వీధి దుమ్ము ఉంది. ఎవరి వాటా ఎంతో ఎవరు లెక్క తేలుస్తారు? అయినా నోరు ఊరుకోక అమ్మకు చెప్పేశాను.

కాసేపు మాట్లాడలేదు. "అయితే తప్పు మా అమ్మదంటావా?" అంది తర్వాత. "నేను కడుపులో ఉన్నప్పుడు చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేదిరా. ఆకలి తెలియకుండా ఉంటుందని ఆ చుట్ట."

నా దగ్గర జవాబు లేదు. అమ్మ డబ్బాను కొంగుతో తుడిచి గూట్లో పెట్టింది.

"దుప్పట్లు రేపు నేను ఎండలో వేస్తాను. నువ్వు పెరట్లోకి రాకు."