చాయ్ అడిగితే ‘తే’ పోశారు

ఆరు నెలలు ఫోన్ యాప్‌తో కుస్తీ పట్టి మాండరిన్ నేర్చుకున్నాను కదా, చైనాలో ఎక్కడికెళ్లినా ఢోకా లేదనుకుని షామెన్‌లో దిగాను. మెట్రోలో స్టేషన్ పేరు మాండరిన్‌లో, ఇంగ్లీషులో చెప్పాక మూడోసారి ఇంకేదో వినిపించింది, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. అది మిన్నాన్, షామెన్ ఉన్న ఫుజియాన్ రాష్ట్రపు దక్షిణాది భాష. సింగపూర్‌లో ఉండేవాళ్లకు హొక్కియెన్ అంటే తెలుస్తుంది. మాండరిన్‌లో స్వరాలు, అంటే అర్థాన్నే మార్చేసే గొంతు ఎత్తుపల్లాలు, నాలుగే, దీంట్లో ఏడు, పైగా పక్కన ఇంకో మాట చేరితే ముందుదాని స్వరం మారిపోతుంది!

లాడ్జి కింద టీ కొట్టు. అక్కడి ముసలావిడ నన్ను చూడగానే "చియా పా బే?" అంది. కడుపునిండా తిన్నావా అని అర్థమట, మనవరాలు మాండరిన్‌లో చెప్పింది. మన ఊళ్లో అరుగు మీది బామ్మ పలకరింపే. నేను దర్జాగా మాండరిన్‌లో ‘ఛా’ అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపి "తే" అంది. మొదటి నీళ్లు కప్పుల మీద పోసి పారబోసి, రెండోసారి పోసినవి ఇచ్చింది, రెండు గుక్కలు కూడా పట్టని కప్పులో. పాలు లేవు, చక్కెర లేదు. ఈ ‘తే’నే డచ్చివాళ్లు ఓడల్లో యూరప్‌కు మోసుకెళ్తే ఇంగ్లీషు నోట టీ అయింది, ‘ఛా’ పర్షియా దారిన చాయ్ అయింది. టీ అనాలా చాయ్ అనాలా అని హైదరాబాద్ ఆఫీసులో మేం పడ్డ గొడవంతా దండగన్నమాట.

ఆ మనవరాలికి బామ్మ భాష అర్థమవుతుంది గానీ మాట్లాడటం రాదట. అమెరికాలో మా అక్క పిల్లలూ అచ్చం ఇదే మాట చెప్తారు.

ముసలావిడ నాకు అన్నం అనే మాట నేర్పింది: ‘ప్‌ఙ్’. అచ్చు లేదు, అంతా ముక్కే. పలక మీద దిద్దడమే తప్ప ఎన్నడూ వాడని ఙ ఇన్నాళ్లకు అక్కరకొచ్చింది. మర్నాడు రైలెక్కి జాంగ్‌జౌ వెళ్లి, హోటల్లో గొప్పగా ‘ప్‌ఙ్’ అన్నాను. ఓనరు పగలబడి నవ్వి "పుయ్" అన్నాడు, ముక్కుతోనే. గుడ్డు షామెన్‌లో ‘న్‌ఙ్’, ఇక్కడ ‘నుయ్’. ఆఖరికి షామెన్ పేరు కూడా అక్కడ ‘ఎమ్‌ఙ్’, ఇక్కడ ‘ఎముయ్’. మధ్యలో రైల్లో అరగంట దూరం కూడా లేదు.

తిరిగొచ్చి ముసలావిడ ముందు ‘పుయ్’ అన్నాను. కెటిల్ కింద పెట్టి గబగబా ఏదో అంది. ఏమందని మనవరాలిని అడిగితే, నవ్వుతూ కప్పు నా వైపు జరిపింది గానీ చెప్పలేదు.