పాప్‌కార్న్ మెషిన్ కొనబోయేవారికి ఒక రిపేరువాడి మాట

మిక్సీలు, గ్రైండర్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేసే దుకాణం నాది. విజయవాడ గవర్నర్‌పేటలో, ఏలూరు రోడ్డుకు ఆనుకున్న సందులో ఉంటుంది. కొంతకాలంగా నూనె పోసి పాప్‌కార్న్ పేల్చే కరెంటు మెషిన్లు కూడా నా బల్ల ఎక్కుతున్నాయి. మాల్‌లో సినిమాకు వెళ్లి, పాప్‌కార్న్ బిల్లు చూసి గుండె గుభేలుమన్నవాళ్లే వీటిని ఎక్కువగా కొంటున్నారు. నేను మెషిను విప్పుతుంటే ఎదురుగా నిలబడి, "ఇంతకీ ఏది కొంటే బాగుండేదంటారు?" అని అడుగుతారు. చేతులు కాలాక అడిగే ప్రశ్నే. ఇంకా కొననివాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

దొరికేవి మూడు రకాలు. వేడిగాలితో పేల్చేదానికి నూనె అక్కరలేదు. డాక్టరు నూనె తగ్గించమన్నవాళ్లకు అదే మేలు, కాకపోతే ఉప్పు అంటుకోక గిన్నె అడుగుకు జారుతుంది. రెండోది అద్దాల పెట్టెలో కెటిల్, అంటే గింజలు పేల్చే గిన్నె, వేలాడే సినిమాహాలు నమూనా. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో చార్లెస్ క్రెటర్స్ అనే ఆయన ఆవిరి యంత్రం పెట్టి, కొవ్వులో గింజలు పేల్చి చూపించాడు. ఈ కెటిళ్లన్నీ ఆ వంశానివే. చూడముచ్చటగానే ఉంటుంది. మనవరాలి పుట్టినరోజు అయిపోయాక మాత్రం వంటింటి గట్టు మీద గ్రైండరుకు చోటు లేకుండా చేస్తుంది. నేను కొనమనేది మూడో రకం: నాన్‌స్టిక్ పూత ఉన్న బల్లపరుపు పళ్లెం, దాని మధ్య నుంచి నెమ్మదిగా తిరుగుతూ గింజల్ని కలిపే కడ్డీ, పైన గుమ్మటం మూత. పేలడం అయ్యాక మొత్తాన్ని బోర్లిస్తే ఆ మూతే గిన్నె.

పాప్‌కార్న్ గింజలో సుమారు 14 శాతం తేమ ఉంటుంది. పైతొక్క గట్టిది, ఆవిరిని బయటికి పోనివ్వదు. వేడి 180 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరేసరికి లోపలి ఒత్తిడికి ఓర్చుకోలేక పగులుతుంది. ఆ వేడి చురుగ్గా ఎక్కాలి. నిదానంగా ఎక్కితే గింజ మొన దగ్గర నుంచి ఆవిరి కొద్దికొద్దిగా జారిపోయి, చివరికి పేలని గింజలు మిగులుతాయి. అందుకే పెట్టె మీద నేను మొదట చూసేది వాట్లు. అరకప్పు గింజలు పేల్చేదానికి 800 వాట్లయినా ఉండాలి. అరకప్పు అంటే తక్కువనుకోకండి, పేలితే దాదాపు నాలుగు లీటర్ల గిన్నె నిండుతుంది. కరెంటు బిల్లు భయం అక్కరలేదు: 800 వాట్ల మెషిను అయిదేసి నిమిషాల చొప్పున పదిహేనుసార్లు నడిస్తే ఒక్క యూనిట్ కాలుతుంది. 6 ఆంపియర్ల మామూలు సాకెట్టు చాలు. ఇన్వర్టరు మీద మాత్రం పెట్టకండి.

మే నెలలో సత్యనారాయణపురం నుంచి ఒకాయన మెషిను పట్టుకొచ్చాడు. పగలు చక్కగా పేలుతోందట, రాత్రి అయితే సగం గింజలు అలాగే ఉండిపోతున్నాయట. విప్పి చూస్తే ఏ లోపమూ లేదు. వీధిలో ఏసీలన్నీ నడిచేవేళ ఇంట్లో ఓల్టేజీ ఎంతుందో చూసి చెప్పమన్నాను. 190 అని ఆ రాత్రే ఫోను చేశాడు. 230 ఓల్టుల దగ్గర 800 వాట్లిచ్చే హీటరు 190 దగ్గర ఇచ్చేది 550 లోపే. రాత్రిపూట గింజలు సగం చేసి వేయమన్నాను. మళ్లీ రాలేదు కాబట్టి కుదిరిందనే అనుకుంటున్నాను.

అమెరికా సరుకు గురించి కూడా చెప్పాలి, మన ఊళ్లో అక్కడి నుంచి సూట్‌కేసు దిగని వీధి ఉండదు కదా. పటమటలో ఉండే ఒక పెద్దావిడ, కొడుకు తెచ్చిచ్చిన మెషినుతో వచ్చి, "ప్లగ్గు ఒక్కటి మార్చు బాబూ, మిగతాదంతా కొత్తదే" అన్నారు. అడుగున ఉన్న అక్షరాలు చూపించాను. "అమ్మా, ఇది 120 ఓల్టులది. మన 230 ఇస్తే, వెయ్యి వాట్ల హీటరు 3,600 వాట్లు లాగుతుంది. గింజల కన్నా ముందు ఇదే పేలుతుంది." ట్రాన్స్‌ఫార్మరు పెట్టకూడదా అని అడిగారు. పెట్టవచ్చు. కానీ వెయ్యి వాట్లు మోసే ట్రాన్స్‌ఫార్మరు మెషిను కన్నా బరువుంటుంది. పైగా అది ఓల్టేజీని తగ్గిస్తుందే తప్ప, ఇక్కడి 50 హెర్ట్జ్‌ను, అంటే కరెంటు సెకనుకు 50 సార్లు ఊగడాన్ని, అక్కడి 60 చేయలేదు. కడ్డీ తిప్పే చిన్న మోటారు ఆ మేరకు నెమ్మదిస్తుంది. ఆవిడ అంతా విని, "అయితే బ్రహ్మాండంగా పనిచేస్తోందని వాడికి చెబుతానులే" అని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, కడగడం. ఈ మెషిన్లు వాడకం వల్ల పాడవడం నేను తక్కువ చూశాను, కడిగి పాడుచేసుకోవడమే ఎక్కువ. పళ్లెం మధ్య కడ్డీ దిగే చోట సన్నని సందు ఉంటుంది. పసుపు మరక పోవాలని తీసుకెళ్లి కుళాయి కింద పెడితే, నీళ్లు ఆ సందులోంచి నేరుగా మోటారు మీదికి దిగుతాయి. మొన్న ఒకటి విప్పాను. ఇరుసు చుట్టూ పసుపు కలిసిన నూనె ముదిరి, బెల్లం పాకం రంగులో బిగుసుకుపోయింది. వైరు కొసలకు పచ్చగా చిలుము పట్టింది. స్క్రూడ్రైవరు మొనతో గీకితే ఆ నూనె పెచ్చులు పెచ్చులుగా రాలింది. మోటారు తిరగడం మానేస్తే గింజలు ఒకచోటే కూర్చుని మాడతాయి, వేడి పెరిగి థర్మల్ ఫ్యూజు పోతుంది. ఫ్యూజు ఖరీదు ఎంతో ఉండదు, విప్పి బిగించడమే పని.

కాబట్టి షాపులో పెట్టె తెరిపించండి. కడ్డీ చేత్తో ఊడి రావాలి. పళ్లెం కూడా విడిగా వచ్చేదయితే ఇంకేం కావాలి! మూతకు ఆవిరి పోయే రంధ్రాలు లేకపోతే పాప్‌కార్న్ కరకరలాడదు, సాగుతుంది. కొన్నిటికి స్విచ్చే ఉండదు, ప్లగ్గు పెట్టగానే మొదలవుతాయి. పిల్లలున్న ఇంటికి అలాంటిది వద్దు. ఇంటికి తెచ్చాక, పళ్లెం గోరువెచ్చగా ఉండగానే కాగితంతో నూనె తుడిచి, సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో ఒకసారి రుద్దితే చాలు. స్టీలు పీచు దగ్గరికి రానివ్వకండి. గింజలు లేకుండా ఊరికే వేడెక్కనివ్వకండి, పూత దెబ్బతింటుంది.

నూనె విషయానికొస్తే, రిఫైన్డు వేరుశనగ నూనె నాకు ఇష్టం. అరకప్పు గింజలకు రెండు పెద్ద చెంచాలు. అమెరికా సినిమాహాళ్లలో కొబ్బరినూనె వాడతారని చెబితే, మా ఆవిడ అద్దం దగ్గరున్న సీసా తెచ్చి నా ముందు పెట్టింది. వెన్న మెషినులో వేయకండి, అందులోని పాల పదార్థం మాడుతుంది. పంచదారా అంతే. గుంటూరు కారం వేసుకునే ధైర్యవంతులు పేలిన తరువాతే చల్లుకోవాలి. వేడి పళ్లెం మీద పడిందా, వీధి చివరి వరకు దగ్గులే. ఉప్పును మిక్సీలో పిండిలా పట్టి ఉంచుకుంటే బాగా అంటుతుంది.

గింజలు పాప్‌కార్న్ రకమే కావాలి. గుంటూరు జిల్లాలో వరి కోశాక దున్నకుండా వేసే మొక్కజొన్న దాణాకు పనికొస్తుంది, దీనికి పనికిరాదు. తెనాలి వైపు నుంచి మా బావమరిది ప్రేమగా ఒక సంచి తెచ్చాడు, వేయించుకుని తిన్నాం. వేసవిలో గింజలు ఎండిపోయి పేలడం తగ్గిస్తే, కప్పుకు ఒక చిన్న చెంచా నీళ్లు చల్లి, సీసాలో బిగించి, అప్పుడప్పుడు కుదుపుతూ రెండు మూడు రోజులు ఉంచండి.

తొలి ఏకాదశి ముందు ఎవరో ఒకరు వచ్చి, పేలపిండికి జొన్నలు ఇందులో పేల్చుకోవచ్చా అని అడుగుతూనే ఉంటారు. వద్దు. జొన్న చిన్నది, కడ్డీ కిందికి దూరి నలిగి మాడుతుంది. ఇనుప మూకుడు బాగా కాలనిచ్చి, గుప్పెడేసి జొన్నలు వేసి, గుడ్డ ఉండతో తిప్పండి. ఆ పనికి కరెంటుతో, నాతో అవసరం లేదు.