రాత్రి రెండున్నరకు వచ్చే భయం

మెడ పక్కన గడ్డకు బయాప్సీ చేసి, డిఫ్యూజ్ లార్జ్ బి-సెల్ లింఫోమా అని తేల్చారు. ఇది లింఫ్ గ్రంథుల క్యాన్సర్లలో వేగంగా పెరిగే రకం. అలా పెరిగే కణాలే కీమోకు బాగా లొంగుతాయి కాబట్టి పూర్తిగా నయమయ్యే అవకాశం ఉందని డాక్టరుగారు చెప్పారు. ఆ రోజు నా చెవికి ఎక్కింది మాత్రం "వేగంగా" అన్న మాట ఒక్కటే. ఇదే దారిలో నడుస్తున్న విశ్వాసుల కోసం మందుల సంగతీ నిరీక్షణ సంగతీ కలిపి రాస్తున్నాను. మంచం మీద ఉన్నవాళ్లకు ఆ రెండూ విడివిడిగా రావు.

నాకు ఇచ్చింది ఆర్-చాప్, అంటే ఐదు మందులు కలిపి ఇచ్చే కీమో. 21 రోజులకు ఒకటి చొప్పున ఆరు సైకిళ్లు. మొదలుపెట్టే ముందు రెండు పరీక్షలు తప్పనిసరి. డాక్సోరుబిసిన్ గుండె కండరాన్ని దెబ్బతీయగలదు, అందుకని టూడీ ఎకో చేస్తారు. రిటుక్సిమాబ్ వల్ల ఒంట్లో నిద్రపోతున్న హెపటైటిస్ బి మళ్లీ లేవవచ్చు, అందుకని దానికి రక్త పరీక్ష చేస్తారు. ఎవరైనా మరిచిపోతే మీరే అడగండి. రిటుక్సిమాబ్ ఒకప్పుడు సామాన్యుడికి అందని మందు. హైదరాబాద్‌లోని డాక్టర్ రెడ్డీస్ 2007లో దానికి సాటి మందు తెచ్చాక మనలాంటి వాళ్లకూ దారి తెరుచుకుంది. దీనికి కూడా దేవునికి స్తోత్రం చెప్పాలని నేను నమ్ముతాను.

మొదటి రిటుక్సిమాబ్‌ను గంటకు 50 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అరగంటకోసారి మరో 50 పెంచుతూ పోతారు. వణుకు, జ్వరం, గొంతులో దురద వస్తే వెంటనే నర్సుకు చెప్పాలి. మందు ఆపి, అలర్జీని తగ్గించే ఎవిల్, హైడ్రోకార్టిసోన్ ఇచ్చి, తగ్గాక సగం వేగంతో మళ్లీ ఎక్కిస్తారు. ఎర్రగా ఉండేది డాక్సోరుబిసిన్. సూది దగ్గర కాస్త మంటగా అనిపించినా ఓర్చుకోకండి. అది నరం దాటి బయటకు కారితే కండ చచ్చిపోతుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. అది మందు రంగే, నెత్తురని హడలిపోవద్దు. సైక్లోఫాస్ఫమైడ్ మూత్రాశయాన్ని ఒరుసుకుపోకుండా నీళ్లు బాగా తాగాలి, మూత్రం ఆపుకోకూడదు. విన్‌క్రిస్టిన్ మలబద్ధకం తెస్తుంది, వేళ్ల చివర తిమ్మిరి తెస్తుంది. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారంటే డోసు తగ్గించాల్సి రావచ్చు, తర్వాతి సైకిల్‌కు ముందే చెప్పండి.

ఇక ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు. రోజుకు 100 మిల్లీగ్రాములు, ఐదు రోజులు. నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది దీని గురించే.

రాత్రి రెండున్నరకు కళ్లు తెరుచుకుంటాయి. ఫ్యాను చప్పుడు, పక్క మంచం మీద ఇంటివాళ్ల ఊపిరి. గుండె దడ. "నేను పోతే" అన్న ఆలోచన ఒకటి లేచిందంటే దాని వెంట పది. వాక్యం గుర్తుకు రాదు, గుర్తుకొచ్చినా పట్టు దొరకదు. వెంటనే ఇంకో భయం తోడవుతుంది: నాకు విశ్వాసం లేదేమో, ఇన్నేళ్లు గుడికి వెళ్లి ఏం నేర్చుకున్నట్టు? మూడో సైకిల్‌కు గానీ తెలియలేదు, ఆ దడలో చాలా భాగం మాత్రలదని. స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుంది, మనసును పరుగెత్తిస్తుంది. ఆరో రోజు మాత్రలు ఆగగానే ఒళ్లు జావగారిపోయి, ఊరికే ఏడుపొస్తుంది. మొత్తం మోతాదును పొద్దున ఎనిమిదింటికి, టిఫిన్ తిన్న వెంటనే, వేసుకోవడం మొదలుపెట్టాక రాత్రులు సగం నెమ్మదించాయి. కాబట్టి ఆ ఐదారు రోజుల మీ మనసును చూసి మీ రక్షణను తూచుకోకండి. కొలిచే తక్కెడే అప్పుడు సరిగా ఉండదు.

మిగిలిన సగం మాత్రం నిజమైన మరణభయమే, దానికి మాత్ర లేదు. అక్కడ నన్ను నిలబెట్టింది యోహాను సువార్త 11వ అధ్యాయం. చనిపోయిన లాజరును లేపబోతున్నానని యేసుకు తెలుసు. అయినా సమాధి దగ్గర "యేసు కన్నీళ్లు విడిచెను." పునరుత్థానం తెలిసినవాడే ఏడ్చాడంటే, నిరీక్షణ ఉన్నవాళ్లు ఏడవకూడదన్న నియమం ఎక్కడిది? సిలువకు ముందు గెత్సేమనే తోటలో ఆయన ఈ శ్రమల గిన్నె తొలగించమనే అడిగాడు. పౌలు కూడా మరణాన్ని స్నేహితుడని అనలేదు. "కడపట నశింపజేయబడు శత్రువు మరణము" అన్నాడు. శత్రువును చూసి వణకడం అవిశ్వాసం కాదు.

ఇంకో సంగతి అర్థం కావడానికి ఎక్కువ రోజులు పట్టింది. లేచిన లాజరు మళ్లీ చనిపోయాడు. జబ్బుపడిన హిజ్కియా రాజుకు 15 ఏళ్ల ఆయుష్షు కలిసింది, అవీ అయిపోయాయి. అంటే స్వస్థత వేరు, నిత్యజీవం వేరు. యోహాను 5:24లో, విశ్వాసముంచినవాడు మరణంలోనుంచి జీవంలోకి ఇప్పటికే దాటాడని ఉంది. క్యాన్సర్ మిగిలిందా అని చూసే నా పెట్ స్కాన్ ఎలా వచ్చినా ఆ మాట మారదు. ఇది తెలిశాక స్కాన్ కాగితం విప్పేటప్పుడు చేతులు వణకలేదని చెప్పను, వణికాయి. కానీ దేవుడు ఉన్నాడా లేడా అన్నది ఆ కాగితంలో వెతకడం ఆగిపోయింది. జుట్టు రాలి, గోళ్లు నల్లబడి, అద్దంలో ముఖం ఎవరిదో అనిపించే రోజుల్లో ఇంకొకటి కూడా ఆదరణ ఇచ్చింది. మన నిరీక్షణ ఆత్మ ఎటో తేలిపోవడం గురించి కాదు, శరీరం లేపబడడం గురించి. 1 కొరింథీయులకు 15లో విత్తిన గింజ చచ్చి మళ్లీ బతికే మాట పౌలు ఎత్తింది అందుకే.

"మందులు మానెయ్, ప్రార్థన చాలు" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరుంటారు. హిజ్కియా కథను యెషయా 38లో చివరిదాకా చదవమనండి. ప్రార్థన విన్న దేవుని ప్రవక్తే పుండుకు అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు. కీమో మధ్యలో మానేస్తే మిగిలిన కణాలు మందుకు లొంగనివిగా తయారై తిరిగి రావచ్చు. కీమో రోజుల్లో ఉపవాస ప్రార్థన కూడా వద్దు. మీ బదులు సంఘం చేస్తుంది.

సంఘంవాళ్లకు ఒక మనవి. కీమో ఎక్కిన 7వ రోజు నుంచి 14వ రోజు దాకా తెల్లకణాలు అడుగంటుతాయి. ఆ వారంలో పదిమంది గదిలో చేరి, తల మీద చేతులుంచి ప్రార్థించడం రోగికి ప్రమాదం. గుమ్మం దగ్గర నిలబడి చేసినా, ఫోన్‌లో చేసినా అదే ప్రార్థన. ప్రభురాత్రి భోజనం ఇంటికి తెస్తే విడి గిన్నెలో తెండి. ఆ రోజుల్లో జ్వరం 100.4 దాటితే తెల్లారేదాకా ఆగకూడదు. ముందుగా పారాసిటమాల్ వేసుకోవద్దు, జ్వరం కప్పబడిపోయి లోపల ఇన్ఫెక్షన్ ముదురుతుంది. నేరుగా ఆసుపత్రికి వెళ్లి, కీమో మీద ఉన్నానని మొదటి మాటగా చెప్పండి. యాంటీబయోటిక్ గంటలోపు పడాలి.

నోటిపూతకు గ్లాసు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా ఉప్పు, పావు చెంచా తినే సోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించాలి. పెరుగన్నం దిగుతుంది, ఆవకాయ కొన్నాళ్లు మరిచిపోవాల్సిందే.

రాత్రుల కోసం ముందే ఏర్పాటు చేసుకోండి. కీమో మబ్బులో కొత్త అధ్యాయాలు బుర్రకెక్కవు. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా వచ్చిన 23వ కీర్తన చాలు, ఊపిరికి ఒక ముక్క చొప్పున. అదీ పలకలేని రాత్రి 88వ కీర్తన చదివించుకోండి. అది చీకట్లోనే ముగుస్తుంది, వెలుగు మాట లేకుండానే. అలాంటి ప్రార్థన కూడా పరిశుద్ధ గ్రంథంలో ఉంది కదా అన్నదే ఆ రాత్రికి పెద్ద ఆదరణ.

చివరి కీమో అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు పెట్ స్కాన్ తీస్తారు. స్కాన్‌లో గడ్డ ఎంత వెలుగుతోందో చెప్పే డోవిల్ స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుంది, 3 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే మందు పూర్తిగా పనిచేసినట్టు. నాకు 2 వచ్చింది. తిరగబెట్టేవి ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తిరగబెడతాయి కాబట్టి అప్పటిదాకా మూడు నెలలకోసారి చూపించుకోవాలి.

రెండో సైకిల్ అప్పుడు ఒక కాగితం రాసి బైబిల్లో పెట్టాను. బ్యాంకు ఖాతాలు, వాటికి నామినీలు, వీలునామా ఎక్కడుందో, భూస్థాపన ఆరాధనలో ఏ పాటలు పాడాలో, ఏ వాక్యం చదవాలో. అది రాసిన రోజు ఇంట్లో అందరం ఏడ్చాం, ఆ రాత్రి అందరం నిద్రపోయాం. స్కాన్ బాగా వచ్చాక ఇక చింపెయ్యమన్నారు. చింపలేదు. మొన్న తీసి, మారిన ఖాతా నంబరు ఒకటి దిద్ది, మళ్లీ యోహాను 11 దగ్గరే పెట్టాను.