స్టాటిక్ పెడితే ఎర్రగీత పోతుంది, కానీ...

డాలస్ చుట్టుపక్కల, ఇర్వింగ్ నుంచి ఫ్రిస్కో దాకా, ఏ ఐటీ ఆఫీసులో చూసినా ఎమ్మెస్ అయ్యి ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే పనిచేసే అనుమతి) మీద చేరిన మన పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు. వాళ్ల కోడ్ రివ్యూ చెయ్యడం నా ఉద్యోగంలో సగం. స్టాటిక్ మెథడ్‌లోంచి నాన్-స్టాటిక్ మెథడ్‌ని పిలవడం కుదరదని జావా కంపైలర్ ఎర్రగీత గీయగానే చాలామంది చేసే పని ఒకటే. (స్టాటిక్ అంటే ఏ ఒక్క ఆబ్జెక్టుకీ కాక మొత్తం క్లాసుకే చెందేది.) ఎక్లిప్స్ (కోడ్ రాసుకునే ఎడిటర్) చూపించే సలహా నొక్కి ఆ మెథడ్‌కీ స్టాటిక్ తగిలిస్తారు. ఇప్పుడు అది వాడే ఫీల్డ్ (విలువ దాచుకునే చోటు) దగ్గర గొడవ. దానికీ స్టాటిక్. సాయంత్రానికి క్లాసంతా స్టాటిక్, అప్పగించిన పని (టికెట్) క్లోజ్!

మొన్న ఒక కుర్రాడు వెబ్ అప్లికేషన్‌లో లాగిన్ అయిన కస్టమర్ నంబరు ఇలాగే స్టాటిక్ ఫీల్డ్‌లో పెట్టాడు. "టెస్టింగ్‌లో బానే వచ్చింది కదన్నా" అన్నాడు. ఒక్కడే టెస్ట్ చేస్తే ఎందుకు రాదు? టెస్ట్ సర్వర్‌లోకి అతన్ని ఒక కస్టమర్‌గా లాగిన్ అవ్వమని, నా లాప్‌టాప్‌లో నేను ఇంకో కస్టమర్‌గా వెళ్లాను. అతను పేజీ రిఫ్రెష్ చేశాడు. నా కస్టమర్ బిల్లు అతని స్క్రీన్ మీదికి వచ్చింది. కుర్రాడి మొహంలో రంగు మారింది.

ఆబ్జెక్టులు ఎన్ని ఉన్నా స్టాటిక్ ఫీల్డ్ అందరికీ కలిపి ఒక్కటే. ఇన్‌స్టెన్స్ (అంటే నాన్-స్టాటిక్) మెథడ్‌ని పిలిచినప్పుడు మాత్రం ఏ ఆబ్జెక్ట్ మీద పిలిచామో అది 'దిస్'గా లోపలికి వెళ్తుంది. జేవీఎంలో (జావా కోడ్‌ని నడిపే ప్రోగ్రామ్) ఆ మెథడ్ లోకల్ వేరియబుల్స్ సున్నా స్థానం దానిదే. స్టాటిక్ మెథడ్‌కి 'దిస్' లేదు. అందుకే కంపైలర్ "ఎవరి బిల్లు?" అని అడుగుతోంది. మనమేమో దాని నోరు మూయిస్తున్నాం.

ఇంకొందరు అక్కడికక్కడే 'న్యూ' కొట్టి కొత్త ఆబ్జెక్ట్ చేస్తారు. అది స్ప్రింగ్ (ఆబ్జెక్టులు తనే తయారుచేసి కలిపే జావా ఫ్రేమ్‌వర్క్) తయారు చేసింది కాదు కాబట్టి, లోపల అది నింపాల్సిన ఆటోవైర్డ్ ఫీల్డ్స్ అన్నీ నల్, అంటే ఖాళీ. కంపైల్ అవుతుంది, రన్ చేస్తే నల్ పాయింటర్ ఎర్రర్. ఉన్న ఆబ్జెక్ట్‌నే పారామీటర్‌గా పంపాలి, లేదా పిలిచే మెథడ్‌కే స్టాటిక్ తీసెయ్యాలి. మ్యాథ్.మ్యాక్స్ లాంటివి స్టాటిక్‌గా ఉంటే తప్పులేదు, వాటికి గుర్తుపెట్టుకోవలసిందేమీ లేదు.

అసలు అలవాటు ప్రోగ్రామ్ మొదలయ్యే మెయిన్ మెథడ్‌తో మొదలవుతుందని నా అనుమానం. ఏ ఆబ్జెక్టూ పుట్టకముందే జేవీఎం దాన్ని పిలవాలి కాబట్టి ఏళ్ల తరబడి అది స్టాటిక్‌గానే ఉంది. 2025లో వచ్చిన జావా 25తో ఆ నిబంధన సడలింది.

ఇవన్నీ పిల్లలకి తెలియక కాదు, అడగడానికి భయం. ఓపీటీలో ఉద్యోగం లేకుండా మొత్తం 90 రోజులు దాటకూడదు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, మ్యాథ్స్ చదివినవాళ్లకిచ్చే) పొడిగింపు ఉంటే మొత్తం 150. ఆ లెక్క తలలో తిరుగుతుంటే "ఇంత చిన్న ప్రశ్నా?" అనిపించుకోవడానికి ఎవరు సిద్ధపడతారు?

ఆ కుర్రాడి కోడ్‌లో స్టాటిక్‌లు తీసేయగానే ఎర్రర్లు బారులు తీరాయి. ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాం. రాత్రి తొమ్మిదిన్నరకి, అక్కడ పొద్దున ఎనిమిదికి, హైదరాబాద్ టీమ్ కాల్‌లోకి వచ్చేసరికి ఇంకా రెండు ఫైళ్లు మిగిలాయి. టికెట్ రేపటికి జరిపామని మేనేజర్‌కి నా పేరుతోనే మెసేజ్ పెట్టాను.