రామతీర్థం గాయం, అధిక సంఖ్యాకుల అభద్రత

2020 డిసెంబరు 29 ఉదయం విజయనగరం జిల్లా రామతీర్థంలో బోడికొండ మీది కోదండరామాలయంలో పగిలిన తాళం, శిరస్సు తెగిన రాముడి విగ్రహం కనిపించాయి. ఆ తరువాత శిరస్సు కొండ మీది కొలనులో దొరికింది. ఉత్తరాంధ్ర భద్రాద్రిగా మేము చెప్పుకునే క్షేత్రం అది. ఆ వార్త విన్న రోజు మా పెదనాన్న అన్నం ముట్టలేదు. “మన దేశంలో మన దేవుడికే రక్షణ లేకుండా పోయింది, ఇక మనకేముంటుంది?” అన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదటిసారి.

విజయనగరం జిల్లాలో నూటికి తొంభై ఐదుకు పైగా హిందువులే. పంచాయతీ నుంచి కలెక్టరు కార్యాలయం దాకా, ఠాణా నుంచి న్యాయస్థానం దాకా ఎటు చూసినా కనిపించేది ఎక్కువగా వారే. అయినా తనను తన మతం కారణంగా ఎవరో అణగదొక్కుతున్నారని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. ఆయన అమాయకులు కారు, ద్వేషం నిండిన మనిషీ కారు. చదువుకున్నవారిలో చాలామంది ఈ నమ్మకాన్ని విన్న వెంటనే నవ్వి కొట్టిపారేస్తారు, మరికొందరు దానినే సాక్ష్యంగా తీసుకుని శత్రువును వెతకడానికి బయలుదేరుతారు. ఈ రెండు పనులూ తప్పని నా అభిప్రాయం. బాధ నిజమైనంత మాత్రాన దానికి మనం చెప్పుకునే కారణం నిజం కానక్కరలేదు, కారణం తప్పయినంత మాత్రాన బాధ అబద్ధమూ కాదు.

సంఖ్యాబలం జనాభా లెక్కలలో కనిపిస్తుంది గాని మనిషి అనుభవంలోకి రాదన్నది మొదట గుర్తించవలసిన సంగతి. దర్శనానికి టికెట్టు కొని వరుసలో నిలబడే భక్తుడికి తాను అధిక సంఖ్యాకుడినన్న స్పృహ ఎక్కడి నుంచి వస్తుంది? ఆలయంలో ఏ పూజకు ఎంత రుసుమో, ఏ భూమి ఎవరికి కౌలుకు పోవాలో కార్యనిర్వహణాధికారి నిర్ణయిస్తాడు, ఆ అధికారిని ప్రభుత్వం పంపుతుంది. 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం ఆలయ ఆదాయంలో కొంత భాగం ఆ శాఖకు చెల్లించాలి. చర్చి పాలకవర్గాన్ని ప్రభుత్వం నియమించదు. వక్ఫు ఆస్తులకు వేరే చట్టం, వేరే బోర్డు ఉన్నాయి గాని రోజువారీ ఆలయ పరిపాలనలో కనిపించేంత ప్రభుత్వ హస్తం మసీదులో కనిపించదు. ఈ తేడా నిజమైనది, దీనిని ప్రశ్నించేవారిని మతోన్మాదులనడం అన్యాయం.

అయితే ఆ తేడా ఎలా వచ్చిందో కూడా అదే నోటితో చెప్పాలి. మద్రాసు రాష్ట్రంలో 1920లలోనే జస్టిస్ పార్టీ ప్రభుత్వం ఆలయాల పర్యవేక్షణకు చట్టం తెచ్చింది, ఎందుకంటే దేవుడి మాన్యాలు ధర్మకర్తల సొంత ఆస్తులుగా మారిపోతున్నాయని భక్తులే మొరపెట్టుకున్నారు. 1987 చట్టానికి ముందు జస్టిస్ చల్లా కొండయ్య సంఘం నివేదిక ఇచ్చింది, ఆ చట్టంతో వంశపారంపర్య ధర్మకర్తృత్వమూ అర్చకత్వమూ రద్దయ్యాయి. అర్చక కుటుంబాలకు దానివల్ల కలిగిన కష్టం చిన్నది కాదు, 2007లో చట్టాన్ని సవరించవలసి వచ్చింది కూడా. కాని ఈ చట్టాలను రాసినవారిలో, ఓటు వేసినవారిలో, అమలు చేసినవారిలో అత్యధికులు హిందువులే. అన్యమతస్థులు మన ఆలయాలను పట్టుకున్నారన్న మాటలో ఈ చరిత్ర అంతా మాయమైపోతుంది. ప్రభుత్వం మీద పెట్టవలసిన ఫిర్యాదు పక్కవీధి మసీదు మీదికి, కాలనీలోని ప్రార్థన మందిరం మీదికి మళ్లుతుంది.

ఇంకొక ఉదాహరణ చెబుతాను. 2020 మేలో, కరోనా కాలంలో, రాష్ట్ర ప్రభుత్వం అర్చకులకు, ఇమాములకు, పాస్టర్లకు ఒకే విధంగా రూ. 5,000 చొప్పున సాయం చేసింది. మొత్తం ఒకటే, కష్టమూ ఒకటే. అయినా మా వీధి అరుగుల మీద వినబడిన మాట “పాస్టర్లకు డబ్బులిచ్చారట” అన్నదే. అప్పటి ముఖ్యమంత్రి క్రైస్తవ కుటుంబానికి చెందినవారు కావడం ఆ మాటకు మరింత ఊతమిచ్చింది. తరతరాలుగా పండుగలు, సెలవులు, బడి ప్రార్థనలు, కార్యాలయాల గోడల మీది పటాలు తమవే అయి ఉండడం అలవాటైనవారికి, ఇతరులకు సమానంగా అందినది కూడా తమ నుంచి తీసుకున్నట్లే అనిపిస్తుంది. ఆ అలవాటు ఒక సదుపాయమని మనకు ఎవరూ చెప్పలేదు, అది లోకసహజమని అనుకుంటూ పెరిగాం. అమెరికాలో శ్వేతజాతి ఎవాంజెలికల్ క్రైస్తవులను సర్వే చేసినప్పుడు, ముస్లింలు వివక్షకు గురవుతున్నారన్నవారి కంటే క్రైస్తవులు గురవుతున్నారన్నవారే ఎక్కువగా కనిపించారు. కాబట్టి ఇది మన మతానికి మాత్రమే చెందిన బలహీనత కాదు.

పాత జ్ఞాపకం కూడా ఇందులో పనిచేస్తుంది. శ్రీకాకుళంలోని జుమ్మా మసీదును 1641లో గోల్కొండ నవాబుల ఫౌజుదారు (సైనికాధికారి) షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించాడు. ఆయన కాలంలో ఆలయాలు ధ్వంసమయ్యాయని, అరసవల్లి సూర్యనారాయణమూర్తి విగ్రహం అప్పుడే బావిలోకి చేరిందని జిల్లాలో తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ కథ వింటూ పెరిగిన మనిషికి రామతీర్థం వార్త కొత్త వార్తగా చేరదు, పాత కథకు కొనసాగింపుగా చేరుతుంది. ఇక్కడ నాకు ఎప్పుడూ తట్టే విషయం ఒకటి ఉంది. అదే రామతీర్థంలో గురుభక్తులకొండ మీద బౌద్ధుల కట్టడాల శిథిలాలున్నాయి, వంశధార ఒడ్డున శాలిహుండంలో స్తూపాలున్నాయి. వాటి గురించి మన జిల్లాలలో ఎవరికీ రక్తం మరగదు, ఎందుకంటే ఆ దుఃఖాన్ని మోయడానికి ఇక్కడ బౌద్ధులు మిగలలేదు.

బౌద్ధులు మిగిలిన శ్రీలంకలో పరిస్థితి చూడండి. అక్కడ 2012 లెక్కల ప్రకారం నూటికి డెబ్బై మంది బౌద్ధులు. బ్రిటిషు కాలంలో మిషనరీ పాఠశాలలలో చదివినవారికి, ముఖ్యంగా జాఫ్నా తమిళులకు ఉద్యోగాలలో ముందు వరుస దక్కిందన్న సింహళుల ఫిర్యాదులో కొంత నిజం ఉంది. పైగా సముద్రానికి ఆవల కోట్లాది తమిళులు ఉన్నారు, తమకు మాత్రం ఈ ఒక్క ద్వీపమే దిక్కు అన్న భయం ఉంది. దేశంలో అధికులమైనా ప్రాంతంలో అల్పులమన్న ఆ భయం నుంచి 1956లో సింహళమే అధికార భాష అన్న చట్టం వచ్చింది, 1972 రాజ్యాంగంలో బౌద్ధానికి అగ్రస్థానం వచ్చింది. భయం తగ్గలేదు. 2009 దాకా సాగిన యుద్ధంలో వేలాదిగా చచ్చిపోయినవారిలో రెండు వైపుల వారూ ఉన్నారు. మన ఊళ్లలోనూ ఇలాంటి లెక్కే ఒకటి నడుస్తుంది: జిల్లాలో వారు ఎంతమంది అని ఎవరూ అడగరు, ప్రపంచంలో ఎన్ని దేశాలు వారివి అని అడుగుతారు.

మతమార్పిడి విషయంలో బాధ రెండు వైపులా ఉంది. 2011 లెక్కలలో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు 1.3 శాతమే, కాని ఆదివారం ప్రార్థనలకు వెళ్లేవారు అంతకు ఎంతో ఎక్కువని ఊరిలో అందరూ అంటారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితుడు షెడ్యూల్డు కులపు హోదాను కోల్పోతాడు. అందుకని మారి కూడా కాగితం మీద హిందువుగా ఉండిపోవడాన్ని మోసమని ఒకరు, ఆ ఉత్తర్వునే నమ్మకానికి విధించిన శిక్ష అని మరొకరు చూస్తారు. నేను రెండో వైపే మొగ్గుతాను, ఎందుకంటే మతం మారినంత మాత్రాన ఊరు అతని కులాన్ని మరచిపోదు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి సమగ్రమైన చట్టం 1947లో గాని రాలేదు. అంతవరకు గుడి గడప తొక్కనివ్వని మనిషిని, లెక్కల కోసం మాత్రం ‘మనవాడు’ అనుకున్నాం. అధిక సంఖ్యాకుల మీద పీడన గురించి మాట్లాడేటప్పుడు, ఆ సంఖ్యలోనే ఉన్న ఈ మనిషి అనుభవించిన పీడన ముందుగా లెక్కకు రావాలి.

రామతీర్థం ఉన్నది నెల్లిమర్ల మండలంలో. ఆ నెల్లిమర్ల జూట్ మిల్లు ఎన్నోసార్లు లాకౌటు పడింది. కార్మికులు గేటు దగ్గర కూర్చున్నారు, ఎన్నో కుటుంబాలు వలస పోయాయి. వారి కోసం పెద్ద నాయకులు ఎదురెదురుగా వచ్చి నిలబడలేదు. 2021 జనవరి 2న మాత్రం అధికార, ప్రతిపక్షాల ముఖ్య నాయకులు ఒకే రోజున రామతీర్థం వచ్చారు, అక్కడ ఒక నాయకుడి వాహనం మీద రాళ్లు పడ్డాయి. మిల్లు మూతపడితే ఎవరిని నిందించాలో సులభంగా తెలియదు, విగ్రహం విరిగితే తెలిసినట్లు అనిపిస్తుంది. పేరు పెట్టలేని నష్టాలన్నీ, అంటే పోయిన ఉద్యోగం, గుజరాత్ తీరానికి వేటకు వెళ్లి రాని కొడుకు, 2014 తరువాత రాములవారి కల్యాణానికి ప్రభుత్వం రామతీర్థాన్ని కాదని ఒంటిమిట్టను ఎంచుకున్న అవమానం, అన్నీ ఆ ఒక్క గాయంలోకి చేరాయి. దానికి తోడు ఫోనులో ఎక్కడెక్కడి ఆలయాల ఘటనలన్నీ ఒకే పూట వచ్చి పడ్డాయి. అంతకు కొన్ని నెలల ముందు అంతర్వేది ఆలయ రథం కాలిపోయిన సంగతి ఎవరూ మరచిపోలేదు. అలాంటి కేసుల్లో కొన్ని గుప్తనిధుల వేటగాళ్ల పని, కొన్ని దొంగల పని, కొన్ని మతిస్థిమితం లేనివారి పని అని పోలీసులు తరువాత చెప్పినా, ఆ వివరణ మొదటి వార్త వెళ్లినంత దూరం వెళ్లలేదు.

కొండ మీది ఆలయాన్ని తిరిగి కట్టి 2022 ఏప్రిల్‌లో ప్రారంభించారు. భక్తుల మనసు కుదుటపడడానికి అది సగం పనే. దర్యాప్తు కోసం ప్రత్యేక బృందాన్ని నియమించినప్పుడు, అది తేల్చినదేమిటో, తేల్చలేనిదేమిటో సులభమైన తెలుగులో రాసి ఆలయ ద్వారం దగ్గరా ప్రతి గ్రామ సచివాలయంలోనూ అతికించాలి. ప్రతి దేవస్థానం ఆదాయ వ్యయాలు, భూములు, కౌళ్లు ఏటా అదే విధంగా ప్రకటించాలి. కొండల మీద ఒంటరిగా ఉన్న ఆలయాలకు రాత్రి కాపలా పెట్టడానికి ఆ ఆదాయంలోనే వాటా కేటాయించాలి. మా పెదనాన్నకు నేను చెప్పగలిగిన జవాబులన్నిటి కంటే ఆ కాగితం ఎక్కువ పని చేస్తుంది.