బారుకు పేరు కావలెను

నా మిత్రుడొకరు స్పోర్ట్స్ బార్ తెరిచే పనిలో ఉన్నారు. తెరలు ఎన్ని ఉండాలి, వాటిని ఎంత ఎత్తున బిగించాలి, రెండు మ్యాచ్‌లు ఒకే సమయంలో వస్తే ఏ వ్యాఖ్యానాన్ని వినిపించాలి అన్న విషయాలన్నీ రెండు సమావేశాలలో తేలిపోయాయి. పేరుకు మాత్రం ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ ఆయన, పెట్టుబడిలో సగం భరించిన ఆయన బావమరిది, నేను ఒక నోటు పుస్తకం ముందు పెట్టుకొని కూర్చున్నాము. నాకు అందులో వాటా లేదు. మాటలతో కాస్త పరిచయం ఉన్నవాడినని పిలిచారు, అంతే. బిడ్డకు పేరు పెట్టేటప్పుడు కన్నవారికన్నా చూడవచ్చిన వారికే ఎక్కువ ఆలోచనలు వస్తాయి కదా.

మొదటి పుట నిండా ఛాంపియన్స్, విన్నర్స్, ఆల్ స్టార్స్, అరీనా వంటివే ఉన్నాయి. వాటిలో దేనినైనా తీసుకువెళ్లి వ్యాయామశాలకో బూట్ల దుకాణానికో తగిలించినా ఎవరూ అభ్యంతరం చెప్పరు. అదే వాటిలోని లోపం. పైగా గెలుపును పేరులోనే పెట్టుకుంటే ఇంకొక చిక్కు ఉంది. ఏ రాత్రి చూసినా బారులో కూర్చున్నవారిలో కొందరు అప్పుడే ఓడిపోయిన జట్టు అభిమానులై ఉంటారు, నిజానికి ఇంటికి త్వరగా వెళ్లబుద్ధి కానిది వారికే. తలవంచుకొని కూర్చున్న మనిషి తలపైన ‘విన్నర్స్’ అని దీపాలు వెలుగుతుంటే బాగుంటుందా?

బావమరిది గారికి ఒక ప్రసిద్ధ క్రీడాకారుడి పేరు పెట్టాలని కోరిక. బతికి ఉన్న ప్రముఖుడి పేరును అనుమతి లేకుండా వ్యాపారానికి వాడుకుంటే నోటీసు రావచ్చునని చెప్పగానే ఆయన జట్టు పేరుకు మళ్లారు. జట్ల పేర్లూ శాశ్వతం కావు. అమెరికాలోని వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు 2020లో తన పాత పేరును వదులుకొని, రెండు సీజన్లు ‘వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్’ అనే ఉత్త పేరుతో ఆడి, 2022లో కమాండర్స్‌గా మారింది. ఢిల్లీ డేర్‌డెవిల్స్ 2018 చివరలో ఢిల్లీ క్యాపిటల్స్ అయింది. వారు చొక్కాలు మార్చుకున్నంత సులువుగా మనం బోర్డు మార్చుకోలేము. ఇక పెద్ద పోటీల పేర్ల జోలికి అసలే పోకూడదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఫైనల్‌కు పెట్టిన ‘సూపర్ బౌల్’ అన్న పేరు ఆ లీగ్ వారి ట్రేడ్‌మార్క్ కనుకనే హక్కులు కొనని ప్రకటనదారులు దానిని ‘బిగ్ గేమ్’ అని చాటుగా పిలుస్తారు. ఒలింపిక్ వలయాల రక్షణకైతే 1981లో నైరోబీలో కుదిరిన ప్రత్యేక అంతర్జాతీయ ఒప్పందమే ఉంది.

అక్కడి నుండి మేము ఆటల పరిభాషలోకి దిగాము. నాకు ఎంతో సంతోషాన్ని ఇచ్చిన వారాలు అవే. ‘గోల్డెన్ గోల్’ అందరికీ నచ్చింది. అదనపు సమయంలో ముందు గోల్ చేసిన జట్టే విజేత అన్న ఆ నియమం 1998, 2002 ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లలో అమలులో ఉంది, 2004లో రద్దయింది. రద్దయిన నియమం పేరుతో కొత్త బారు తెరిస్తే పుట్టిన రోజునే దానికి ముసలితనం వస్తుంది. ‘ఆఫ్‌సైడ్’ అంటే ఫుట్‌బాల్ వారికి తప్పు, క్రికెట్ వారికి మైదానంలో ఒక పక్క. ఒకే బోర్డును ఇద్దరు రెండు విధాలుగా చదువుకోవడం నాకు ముచ్చటగానే తోచింది గాని, ఫుట్‌బాల్ అభిమానికి అది ఈల ఊదించే తప్పేనని మిత్రుడు కొట్టివేశారు. ‘నైట్ వాచ్‌మన్’ నా ప్రతిపాదన. రోజు ఆట ముగియబోతుండగా మంచి బ్యాటర్‌ను కాపాడడానికి ముందు పంపే బౌలర్ అన్నమాట; 2006లో చిట్టగాంగ్‌లో ఆ పాత్రలో దిగిన ఆస్ట్రేలియా బౌలర్ జేసన్ గిలెస్పీ 201 పరుగులతో అజేయంగా నిలిచాడు. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చునేవారికి ఇంతకన్నా తగిన పేరు లేదని నేను ఇప్పటికీ నమ్ముతున్నాను. క్రికెట్ తెలియనివారు మాత్రం లోపల కాపలా ఉద్యోగం ఖాళీగా ఉందా అని అడుగుతారని బావమరిది గారు అన్నారు.

టెన్నిస్‌లో నలభై నలభై అయినప్పుడు చెప్పే ‘డ్యూస్’ దాదాపు ఖాయమైపోయింది. పొట్టి మాట, బోర్డు మీద తక్కువ అక్షరాలు, ఇంకా ఎవరూ గెలవని ఉత్కంఠ, అన్నీ అందులో ఉన్నాయి. చివరి పరీక్షగా మిత్రుడు టీవీ శబ్దం బాగా పెంచి, తన చెల్లెలికి ఫోన్ చేసి, సాయంత్రం డ్యూస్‌కు రమ్మని చెప్పారు. ‘జ్యూస్ తాగడానికి అంత దూరం ఎందుకు అన్నయ్యా?’ అని ఆవిడ అడగడంతో ఆ పేరు అక్కడికక్కడే పోయింది. కాగితం మీద ఎంత అందంగా ఉన్న పేరునైనా ఇటువంటి గోలలో ఒకసారి అరిచి చూడాలి. బారు పేరు ఎక్కువగా పలికేది ఆ గోలలోనే.

ఆ ఓటమి తరువాత నేను పాత బార్ల చరిత్ర తిరగేశాను. బోస్టన్‌లో మైఖేల్ మెక్‌గ్రీవీ అనే బేస్‌బాల్ పిచ్చివాడు 1894లో ఒక సెలూన్ (అక్కడ మద్యశాలను అలా అనేవారు) తెరిచి దానికి ‘థర్డ్ బేస్’ అని పేరు పెట్టాడు. బేస్‌బాల్‌లో పరుగు తీసే ఆటగాడు మూడవ బేస్, అంటే మూడవ మజిలీ, దాటితే ఇక చేరవలసింది హోమ్. ఆ సెలూన్ కూడా మనిషి ఇల్లు చేరే ముందు ఆగే ఆఖరి చోటని ఆయన భావం. కొట్లాడుకునే అభిమానులను ‘ఇక చాలు’ అనే ఒక్క మాటతో ఆపేవాడట, దానితో ఆ మాటే ఆయనకు మారుపేరు అయింది. 1920లో మద్యనిషేధం వచ్చి సెలూన్ మూతపడింది, పేరు మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. గోల్ఫ్ మైదానంలో పద్దెనిమిది రంధ్రాలుంటే, ఆట ముగించి కూర్చునే క్లబ్ బారును ‘పంతొమ్మిదవ రంధ్రం’ అంటారు. రగ్బీలో నలభై నిమిషాల చొప్పున రెండు సగాలు ఆడిన తరువాత రెండు జట్లూ కలిసి తిని తాగే సమయాన్ని ‘థర్డ్ హాఫ్’ అంటారు. ఈ మూడింటినీ పక్కపక్కన రాసుకొని చూశాక మా పొరపాటు నాకు తెలిసింది. ఏడు వారాలుగా మేము మైదానంలో జరిగే దానికి పేరు వెదుకుతున్నాము. బారు ఉన్నది మైదానానికి బయట.

‘మన దగ్గరికి ఆట జరుగుతుండగా వస్తారు, అయిపోయాక కాదు కదా’ అని మిత్రుడు అడ్డు తగిలారు. ఆట చూడడానికి ఇంట్లో టీవీ చాలు, ఆ చివరి ఓవర్ అతనికి ఎందుకు ఇచ్చారని పరాయి మనిషితో గంటసేపు వాదించడానికే బారు కావాలని నేను అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, పుస్తకంలో ‘థర్డ్ హాఫ్’ కింద గీత గీశారు. హాఫ్ అనగానే తాగేవారికి సీసా గుర్తుకు వస్తుందని, మూడవ హాఫ్ దాకా వెళ్లినవాడిని ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిదని బావమరిది గారు అడిగారు. అందరం నవ్వుకున్నాము గాని, ఆ పేరు ఆయన నోట అప్పటికే తడుముకోకుండా వచ్చేసిందని గమనించాను.

మిగిలినది దస్తావేజుల పని. ట్రేడ్‌మార్క్‌ల అంతర్జాతీయ వర్గీకరణలోని 45 తరగతులలో తిండి, పానీయాలు వడ్డించే సేవలు 43వ తరగతిలోకి వస్తాయి. తమ పేరుతో చొక్కాలు కూడా అమ్మదలచుకుంటే 25వ తరగతిలోనూ దరఖాస్తు పెట్టాలి. రగ్బీ వారందరి నోట నలిగిన మాట కనుక దాని మీద గుత్తాధిపత్యం దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దని న్యాయవాది ముందే హెచ్చరించారు. అందుచేత పేరును ఒక ప్రత్యేకమైన బొమ్మతో కలిపి దాఖలు చేశారు.

నిన్న బోర్డు చేసే ఆయన మిత్రుడికి ఫోన్ చేశారట. ‘సార్, సగాలు రెండే కదండీ ఉండేది? అక్షరాలు కోసేముందు ఒకసారి అడుగుదామని చేశాను’ అన్నారట. ఆ సంగతి నాకు చెబుతున్నంతసేపూ మా మిత్రుడు నవ్వుతూనే ఉన్నారు.